రాయని ముగింపుకు వ్యాఖ్యానాలు

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలల్లో మొదటిది 1996లో వచ్చింది. అయిదోది ‘ఎ డ్యాన్స్ విత్ డ్రాగన్స్’ 2011 జులైలో వచ్చింది. ఆరోది ఎప్పుడని అడగడం పాఠకులు మానేశారు. ఏడోదాని ఊసే లేదు. ఈలోగా వాటి ఆధారంగా హెచ్‌బీఓ తీసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు నడిచి 2019 మే 19న అయిపోయింది కూడా. ఒకే కథకు తెర మీద ముగింపు ఉంది, కాగితం మీద లేదు. ఈ సందులోనే ఫ్యాన్ థియరీలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. ముప్పయ్యేళ్లుగా పాఠకులు అల్లిన ఊహలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఏది నిలిచింది, ఏది కూలింది, ఎందుకు కూలింది అన్నది ఇప్పుడు కొంత తేటపడుతుంది. సిరీస్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడ ఆపేయడం మంచిది. కిందంతా గుట్టు రట్టు చేయడమే.

ఈ థియరీలను తెలివైనవి, పిచ్చివి అని విడదీయడం మామూలు. నాకు కనిపించే గీత వేరు. కథలో జరిగిపోయినదాని గురించి చెప్పే థియరీలు ఒక జాతి, జరగబోయేదాని గురించి చెప్పేవి మరో జాతి. మొదటి జాతివి ఆశ్చర్యం గొలిపేంతగా నిజమయ్యాయి. రెండోవి దాదాపుగా బోర్లాపడ్డాయి. కారణం పాఠకుల తెలివితేటల్లో లేదు, ఈ రచయిత పనిచేసే పద్ధతిలో ఉంది.

అన్నిటికన్నా పాత ప్రశ్న జాన్ స్నో తల్లి ఎవరన్నది. వింటర్‌ఫెల్ ప్రభువు నెడ్ స్టార్క్ యుద్ధం నుంచి తిరిగొస్తూ ఒక పసివాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. తన అక్రమ సంతానమని లోకానికి చెప్పాడు. తల్లి పేరు మాత్రం కట్టుకున్న భార్యకూ చెప్పలేదు. రెండో పుస్తకం రాకముందే, 1997 నాటికే, చదివినవాళ్లు జవాబు పట్టేశారు. వాడు నెడ్ కొడుకు కాదు, నెడ్ చెల్లెలు లయానాకూ యువరాజు రేగార్ టార్గేరియన్‌కూ పుట్టినవాడు అని.

ఎలా పట్టారో చూడండి. రాజును ప్రాణమిచ్చి కాపాడతామని ప్రమాణం చేసిన కింగ్స్‌గార్డ్‌లో మేటి యోధులు ముగ్గురు. యుద్ధం తారస్థాయిలో ఉన్నప్పుడు వాళ్లు రాజు దగ్గర లేరు, రణరంగంలో యువరాజు పక్కనా లేరు. ఎక్కడో డోర్న్ సరిహద్దు కొండల్లో ఓ బురుజు ముందు నిలబడ్డారు. రాజు చచ్చాడని, యువరాజు పడిపోయాడని, రాణి ఉన్న చిన్న కొడుకును తీసుకుని డ్రాగన్‌స్టోన్‌కు పారిపోయిందని తెలిశాక కూడా కదలరు. అంతటి నిష్ఠాపరులు అక్కడే ఉండిపోయారంటే కాపాడాల్సిన రాజరక్తం అక్కడే ఉందన్నమాట. ఆ బురుజులోనే లయానా చనిపోతూ అన్న దగ్గర ఏదో మాట తీసుకుంది. ఆ మాటేమిటో మార్టిన్ చెప్పడు. ఇంకో చోట నెడ్ తన పిల్లల పేర్లు మనసులో వరసగా అనుకుంటాడు: రాబ్, సాన్సా, ఆర్య, బ్రాన్, రికన్. ఆ వరసలో జాన్ లేడు, వాడి ప్రస్తావన తర్వాత విడిగా వస్తుంది. ఇదంతా చదువుకుంటూ పోతే తగలదు, వెనక్కి తిరిగొస్తే తగులుతుంది. 2006లో బెనియాఫ్, వైస్ అనే ఇద్దరు సిరీస్ తీస్తామని వచ్చినప్పుడు మార్టిన్ వాళ్లనూ ఈ ప్రశ్నే అడిగాడు. సరిగ్గా చెప్పారు, హక్కులు దక్కాయి. తెర మీద అది బయటపడింది 2016 జూన్‌లో, ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో. పాఠకులు దాదాపు ఇరవయ్యేళ్ల ముందున్నారు.

ఇంతకన్నా ముచ్చటైనది నా దృష్టిలో మాండర్లీ విందు. అయిదో పుస్తకంలో రామ్సే బోల్టన్ పెళ్లికి వైమన్ మాండర్లీ అనే భారీకాయుడు, మాంసం కూరి కాల్చిన ‘పై’లు మూడు, బండి చక్రాలంతటివి, తెచ్చి వడ్డిస్తాడు. అంతకు కొంచెం ముందే అతని ఊరి నుంచి బయల్దేరిన ఫ్రే వంశీయులు ముగ్గురు దారిలో మాయమైపోయారు. వాళ్ల వంశం వాళ్లే విందుకు పిలిచి అతిథులను నరికారు, అందులో మాండర్లీ కొడుకూ పోయాడు. మాండర్లీ మూడు ‘పై’లలోంచీ రెండేసి ముక్కలు తాను లాగించి, పాటగాణ్ణి పిలిచి ఎలుక వంటవాడి పాట పాడమంటాడు. ఆ వంటవాడి కథ మూడో పుస్తకంలో బ్రాన్ చెప్పాడు. రాకుమారుణ్ణి చంపి, వండి, తండ్రికే వడ్డించినవాడు వాడు. దేవతలు వాణ్ణి శపించింది హత్యకు కాదు, మనిషి మాంసం తినిపించినందుకు కాదు, తన కప్పు కింద ఉన్న అతిథిని చంపినందుకు. అందుకే మాండర్లీ ఫ్రేలు ఊరు విడిచేటప్పుడు గుర్రాలు బహుమతిగా ఇచ్చి పంపాడు. వీడ్కోలు బహుమతి అందుకున్నవాడు ఇక అతిథి కాడు. ధర్మం తప్పకుండానే పగ తీర్చుకున్నాడు. ఈ ముక్కలన్నీ ఒకే అధ్యాయంలో లేవు. ‘పై’లో ఏముందో ఎవరూ నోరు విప్పి చెప్పరు. కలుపుకున్నది పాఠకుడే. సిరీస్‌లో ఈ పని ఆర్య చేత చేయించారు, చేసిందేమిటో ఆమే చెప్పేసింది కూడా. దృశ్యంగా బాగానే ఉంది గానీ అతిథి ధర్మపు మెలిక గాలికి పోయింది.

ఇలాంటి ఆధారాలు ఒక్కోసారి రెండువైపులా మొగ్గుతాయి. డెనేరిస్ చిన్నతనంలో బ్రావోస్ నగరంలో ఎర్ర తలుపు ఇంట్లో పెరిగానని, కిటికీ బయట నిమ్మచెట్టు ఉండేదని తలచుకుంటూ ఉంటుంది. నాలుగో పుస్తకంలో ఆ నగరాన్ని మనకు దగ్గరగా చూపించారు. రాయి, నీళ్లు, పొగమంచు. గొప్పవాళ్ల పెరటి తోటల్లో తప్ప ఊళ్లో చెట్టన్నది మొలవదు. మరి నిమ్మచెట్టు ఎక్కడిది? నిమ్మకు పేరుపడ్డది ఎండ కాసే డోర్న్. కాబట్టి ఆ పిల్ల పెరిగింది డోర్న్‌లో, ఆమె జ్ఞాపకాలే ఎవరో అమర్చినవి, అసలు ఆమె పుట్టుకే వేరు అనేదాకా ఒక వర్గం వెళ్లింది. ఇంకో వర్గం అడ్డుకుంది: గొప్పవాళ్ల తోటల్లో చెట్లుంటాయని ఆ పుస్తకమే అంటోంది కదా, ఆమె అన్నకు డోర్న్‌తో పెళ్లి ఒప్పందం కుదిరినప్పుడు సాక్షి సంతకం పెట్టింది బ్రావోస్ పాలకుడే కదా, ఆయన ప్రాపకంలో ఉండి ఉండొచ్చు కదా అని. నాకు రెండో వాదనే నచ్చుతుంది. కానీ ఒక్క నిమ్మచెట్టు మీద ఇంత వ్యాజ్యం నడిచిందంటే, ఏ వాక్యమూ ఊరికే రాయడని ఈ రచయిత మీద పాఠకులకు కుదిరిన నమ్మకం ఎంతటిదో తెలుస్తుంది.

ఆ నమ్మకం శ్రుతి మించితే ఏమవుతుందో చెప్పేవీ బోలెడున్నాయి. వేరిస్ మనిషి కాదు జలచరమన్నారు. రూస్ బోల్టన్ తన వారసుల చర్మం తొడుక్కుంటూ శతాబ్దాలుగా బతికేస్తున్నాడన్నారు. డారియో, యూరాన్ ఒక్కరేనన్నారు. చాలావరకు సరదాకి అల్లినవే. వింతేమిటంటే క్లెగేన్ అన్నదమ్ములు చివర్లో తలపడతారని సగం వెక్కిరింతగా పుట్టిన థియరీని సిరీస్ చివరి సీజన్లో పెట్టి మరీ తీసింది. గంభీరంగా వాదించినవి ఎన్నో పోయాయి, ఇది గెలిచింది.

జోస్యాల మీద కట్టినవాటిని త్వరగా దాటేస్తాను, వాటిలో సరుకు తక్కువ. లోకాన్ని చీకటి నుంచి రక్షించే వీరుడు అజోర్ అహాయ్ మళ్లీ పుడతాడని కథలో ఒక నమ్మకం. ఆ వీరుడు జాన్ అన్నారు, డెనేరిస్ అన్నారు, జేమీ అన్నారు, రొట్టెలు కాల్చే కుర్రాడి దాకా వెళ్లారు. లక్షణాలు ఎవరికి అతికిస్తే వాళ్లకు అతుకుతాయి. సెర్సీని తమ్ముడొకడు గొంతు పిసికి చంపుతాడన్న జోస్యం మీద కూడా ఏళ్ల తరబడి వాదించుకున్నారు. సిరీస్ ఆ మాటే ఎత్తలేదు, ఆమె జేమీ కౌగిట్లో ఇటుకల కింద పడి పోయింది. పాఠకులు ఇక్కడ గమనించాల్సినవాడు రేగార్. పుస్తకాల పురుగులాంటి కుర్రాడు ఒకనాడు ఏదో పాత ప్రతిలో జోస్యం చదివి, ఆ వీరుణ్ణి తానేననుకుని కత్తి పట్టాడు. తర్వాత తాను కాదు, తన కొడుకనుకున్నాడు. ఆ అన్వేషణలో రాజ్యమే తగలబడింది. ఈ కథలో మొట్టమొదటి ఫ్యాన్ థియరీ అతనిదే, తప్పిందీ అతనికే. జోస్యాలను నమ్ముకుని ముగింపు ఊహించేవాళ్లకు రచయిత ఇంతకన్నా గట్టి హెచ్చరిక ఏం చేస్తాడు?

మరి ముగింపు గురించిన థియరీలు ఎందుకు పడిపోతాయి? ఇందుకు చేతికందే సాక్ష్యం మార్టిన్ 1993 అక్టోబరులో తన ఏజెంటుకు రాసిన ఉత్తరం. 2015లో అది బయటికొచ్చింది. అప్పటికి ఆయన ఉద్దేశం మూడు పుస్తకాలే. అందులో సాన్సా జాఫ్రీని పెళ్లాడి కొడుకును కని, పుట్టింటిని కాదని మొగుడి పక్షం చేరుతుంది. రాబ్ యుద్ధరంగంలోనే పోతాడు. కాట్లిన్‌ను గోడకు ఆవల మంచు మనుషులు చంపుతారు. జేమీ అడ్డొచ్చినవాళ్లందరినీ హతమార్చి సింహాసనమెక్కుతాడు. జాన్‌కూ ఆర్యకూ ప్రేమ! పుస్తకాల్లో వీటిలో ఒక్కటీ అలా జరగలేదు. చెక్కుచెదరకుండా నిలిచిందేమిటంటే జాన్ పుట్టుక రహస్యం. అది చివరి పుస్తకంలో విప్పాలని అప్పుడే రాసుకున్నాడు. అంటే పాతిపెట్టిన గతం పాతిపెట్టినట్టే ఉంది, ముందున్న దారి మాత్రం ముప్పయ్యేళ్లలో ఎన్నో మలుపులు తిరిగింది. తాను ముందే పటం గీసుకుని ఇల్లు కట్టేవాణ్ణి కాదు, విత్తు వేసి మొలకను చూసుకునే తోటమాలినని మార్టిన్ చెప్పుకుంటాడు. ఇంకా మొలవని కొమ్మకు ఏ పండు కాస్తుందో తోటమాలికే తెలియనప్పుడు పాఠకుడికెలా తెలుస్తుంది?

పాఠకులు పట్టేసినవి మార్చేయొచ్చు కదా అన్న ప్రశ్న ఉంది. 2014లో ఎడిన్‌బరో పుస్తకోత్సవంలో మార్టిన్ దీని గురించి మాట్లాడాడు. ఒకరిద్దరు పాఠకులు చాలా సూక్ష్మమైన ఆనవాళ్లు పట్టుకుని సరైన జవాబుకు చేరారని ఒప్పుకున్నాడు. మార్చే ఆలోచన వచ్చినా మానుకున్నానన్నాడు. మారిస్తే ముందు పుస్తకాల్లో నాటిన ఆనవాళ్లన్నీ అబద్ధాలైపోతాయని ఆయన వాదన. ఈ నిజాయితీ సామాన్యమైంది కాదు. ఎవరూ ఊహించలేదనిపించుకోవడం కోసం కథను వంకర తిప్పిన సినిమాలు, సీరియళ్లు మనకు కొదవలేదు.

ఇక సిరీస్ చెప్పిన జవాబులు. ఇక్కడే పెద్ద చిక్కు. పుస్తకాలను దాటి ముందుకెళ్లిన సిరీస్‌లో ఏది మార్టిన్‌ది, ఏది తీసినవాళ్లది? కొన్ని తెలుసు. హోడోర్ పేరు వెనకున్న విషాదం మార్టిన్ చెప్పిందే. బ్రాన్ రాజవుతాడన్నదీ మార్టిన్ ఉద్దేశమేనని, ఆ పాత్ర వేసిన ఐజాక్ హెంప్‌స్టెడ్ రైట్‌కు నిర్మాతలు చెప్పారు. మరోవైపు ఆర్య బాకుకు బలైన నైట్ కింగ్ పుస్తకాల్లో లేనే లేడు. గోడకు ఆవల బ్రాన్‌ను నడిపించిన నల్లచేతుల ఆకారం అతని చిన్నాన్న బెంజెనేనని చాలామంది అనుకున్నారు, సిరీస్ అలాగే చూపించింది. కానీ టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోని కుషింగ్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతిలో, ఇతను బెంజెనా అని సంపాదకురాలు అంచున రాసిన ప్రశ్నకు మార్టిన్ కాదని రాసి ఉంచాడు. థియరీ తెర మీద నిజమైంది, కాగితం మీద అబద్ధమైంది. రెండూ ఒకే కథ అంటారు మళ్లీ!

చివరి సీజన్ మీద వచ్చిన కోపాన్ని ఇందాకటి గీతతోనే అర్థం చేసుకోవాలి. మళ్లీ తీయాలని 15 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. డెనేరిస్ నగరాన్ని తగలబెట్టడం, జాన్ ఆమెను పొడవడం, బ్రాన్‌కు కిరీటం పెట్టడం: ఈ మూడింటినీ ముందే ఊహించిన పాఠకులున్నారు. ఊహించనిది జరిగిందని కాదు వాళ్ల బాధ. లెక్కల పుస్తకం చివర జవాబు చూసుకున్నట్టయింది, అంకె సరిపోయిందేమో గానీ చేసిన విధానం ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి ఒక నిమ్మచెట్టుకు కారణం వెతికిన జనానికి, ఒక మహానగరం బూడిదవడానికి కారణం అడిగే హక్కు లేదా?

వేరొకరు పూర్తిచేసిన కథలతో పోల్చి చూడటం ఇక్కడ పనికొస్తుంది. రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ పూర్తిచేయకుండానే 2007లో కన్నుమూశాడు. ఆయన వదిలిన కాగితాల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ 2013లో ముగించాడు. అందులోనూ థియరీల సంత ఉండేది. 1993 నాటి పుస్తకంలో అస్మోడియన్ అనే పాత్రను చంపిందెవరన్న ప్రశ్న పదిహేడేళ్లు నలిగింది. చివరికి జవాబు ఎక్కడ దొరికిందనుకున్నారు? 2010 పుస్తకంలో, కథలో కాదు, వెనకున్న పదకోశంలో! గ్రెండాల్ అని ఒక్క ముక్క. ఇన్నేళ్ల ఉత్కంఠకు అది అన్యాయమే. అయినా ఆ పాఠకులు శాండర్సన్ మీద తిరగబడలేదు, ఆఖరి ఘట్టం జోర్డన్ సొంతంగా రాసిపెట్టుకున్నదే కనుక. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన భారతాన్ని తిక్కన, ఎర్రన పూర్తిచేసినప్పుడు ఈ బెడద లేదు, ఎవరు గెలుస్తారో ఊరందరికీ తెలుసు. మార్టిన్ తన కథను ఇంకొకరి చేతికి ఇవ్వనంటాడు. ఇవ్వకపోవడమే మంచిదేమో. తిక్కనకున్న వ్యాసుడు ఇక్కడ వచ్చేవాడికి ఉండడు.

పుస్తకాల ముగింపు ఎలా ఉంటుందన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది కనుక, నేను కాస్తో కూస్తో నమ్మే థియరీ ఒకటుంది. సిరీస్ పూర్తిగా వదిలేసిన పాత్ర మీద కట్టింది అది. అయిదో పుస్తకంలో యంగ్ గ్రిఫ్ అనే కుర్రాడు, రేగార్ కొడుకు ఏగాన్‌ను నేనే, పసితనంలో చావలేదు అంటూ గోల్డెన్ కంపెనీ సైన్యంతో వెస్టెరోస్‌లో దిగుతాడు. అతను అసలువాడు కాదు, పూర్వం రాజ్యం కోసం తిరగబడి ఓడిన బ్లాక్‌ఫైర్ శాఖ వాడని పాఠకుల అనుమానం. ఆ కంపెనీని స్థాపించింది బ్లాక్‌ఫైర్ పక్షంవాళ్లే. డెనేరిస్‌కు కనిపించిన దృశ్యాల్లో జనం జేజేలు కొడుతుండగా గుడ్డతో చేసిన డ్రాగన్ ఒకటి కర్రల మీద ఊగుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఆనవాలు నాలుగో పుస్తకంలో ఒక పూటకూళ్ల ఇంటి కథ. దాని ముందు ఒకప్పుడు ఇనుముతో చేసిన మూడు తలల నల్ల డ్రాగన్ బోర్డు గాలికి గలగలలాడుతూ వేలాడేది. బ్లాక్‌ఫైర్‌ల గుర్తు నల్ల డ్రాగన్ కావడంతో, రాజభక్తుడైన స్థానిక ప్రభువు దాన్ని ముక్కలు చేసి నదిలో పారేయించాడు. చాలా ఏళ్లకు ఒక తల నీళ్లలో కొట్టుకొచ్చి దిగువన ఒడ్డుకు చేరింది. అప్పటికి తుప్పుపట్టి ఎర్రగా మారిపోయింది. టార్గేరియన్ల డ్రాగన్ రంగు ఎరుపు. నల్లది నీటి దారిన తిరిగొచ్చి ఎర్రదిగా చలామణీ అవుతోందన్నమాట. దారిన పోయే సన్యాసి ఒకడు కాలక్షేపానికి చెప్పిన కథ ఇది.

ఈ కుర్రాడు రాజధానిని గెలిచి జనం మెప్పు పొందాక డెనేరిస్ డ్రాగన్లతో వస్తే సంగతి వేరుగా ఉంటుంది. ఆమె రక్షకురాలు కాదు, జనం ఇష్టపడ్డ రాజు మీదికి వచ్చిన పరాయిది అవుతుంది. నగరం కింద పిచ్చిరాజు దాచిన వైల్డ్‌ఫైర్ ఉండనే ఉంది. ఆ కుర్రాడి వెనకున్నవాడు జాన్ కానింగ్టన్. ఒకప్పుడు స్టోనీ సెప్ట్ పట్టణంలో దాక్కున్న రాబర్ట్ కోసం ఇల్లిల్లూ గాలించాడు. ఈలోగా శత్రుసైన్యం వచ్చిపడింది, ఊరి గంటలన్నీ మోగాయి, ఓడిపోయాడు. టైవిన్ లానిస్టర్ అయితే వెతికేవాడు కాదు, ఊరే తగలబెట్టేసేవాడు అన్న మాట అప్పటినుంచీ అతని బుర్ర తొలుస్తోంది. ఇప్పుడు గ్రేస్కేల్ రోగం అంటుకుని రోజులు లెక్కబెట్టుకుంటున్నాడు, ఈసారి జాలి చూపేలా లేడు.

సిరీస్‌లో కానింగ్టన్ లేడు. అతని రోగాన్ని జోరా మోర్మాంట్‌కు ఇచ్చారు. నగరం తగలబడ్డ ఎపిసోడ్ పేరు ‘ది బెల్స్’. లొంగిపోయామని గంటలు మోగుతుంటే డెనేరిస్ డ్రాగన్‌ను కిందికి తిప్పుతుంది, ఆ గంటలకు ఆమె ఎందుకలా రగిలిందో సిరీస్ ఎక్కడా చెప్పదు. గంటలు వినలేని మనిషి పుస్తకంలో వేరే ఉన్నాడు. రోగాన్ని ఒకరికి, గంటలను మరొకరికి పంచేశారనే కొందరు పాఠకుల మాట నాకు సబబుగానే తోస్తుంది. నిప్పు పెట్టేది కానింగ్టనా, డెనేరిసా, ఇద్దరి తొందరపాటూ కలిసి కింది వైల్డ్‌ఫైర్‌ను రాజేస్తుందా అన్నది మాత్రం మార్టిన్ కూడా ఇంకా తేల్చుకుని ఉండకపోవచ్చు.